సీపాప్ వాడుతున్నా వదలని నీరసం: కారణాన్ని వెతకవలసిన క్రమం

నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉందని తేలి, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీపాప్ యంత్రం వాడకం మొదలై నెలలు గడిచినా పొద్దున లేవబుద్ధి కాకపోవడం, మధ్యాహ్నానికి కళ్లు వాలిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. అటువంటప్పుడు కొందరు యంత్రం పనికిరాలేదని తేల్చి మూలన పెట్టేస్తారు, మరికొందరు వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకుంటారు. ఈ రెండు నిర్ణయాలూ తొందరపాటే. చికిత్స రాత్రంతా నిజంగా అందుతోందా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. అందుతోందని రూఢి అయిన తరువాతే మిగతా కారణాల వైపు వెళ్లాలి. ఈ క్రమం తప్పిందంటే రక్తపరీక్షలు ఒకదాని వెంట ఒకటి సాగుతూనే ఉంటాయి, మాస్కు పక్కనుంచి పోతున్న గాలిని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

చికిత్స మొదలై రెండు మూడు వారాలే అయితే కొంత ఓపిక పట్టడం మంచిది. కొందరికి కొద్ది రోజుల్లోనే హాయిగా అనిపిస్తుంది, ఏళ్ల తరబడి నిద్ర చెడినవారికి రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు. ఆ గడువు దాటినా మార్పు లేకపోతే వెతకడం మొదలుపెట్టాలి.

వెతికే ముందు మీ బాధ ఏమిటో మీకే స్పష్టంగా తెలియాలి. కూర్చున్నచోటే కునుకు పడుతోందా, లేక నిద్ర రాకపోయినా ఒంట్లో సత్తువ లేనట్టు ఉంటోందా? మొదటిది నిద్రకు సంబంధించిన లోపాన్ని, రెండోది ఎక్కువగా శరీరంలోని లేదా మనసులోని మరో కారణాన్ని సూచిస్తుంది, రెండూ కలిసి ఉండడమూ అరుదేమీ కాదు. ఇందుకు 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళి బాగా పనికొస్తుంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, వాహనంలో ప్రయాణిస్తున్నప్పుడు, ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24కు 10 దాటితే పగటి మగత మితిమీరి ఉన్నట్టు లెక్క. ఆ స్థితిలో ఉన్నవారు, ముఖ్యంగా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా కళ్లు మూతపడుతున్నవారు, కారణం తేలేవరకు వాహనం నడపకూడదు.

మాస్కు ఎన్ని గంటలు ఉంటోంది?

అన్నిటికన్నా ఎక్కువగా దొరికే కారణం ఇదే, అన్నిటికన్నా తక్కువగా ఒప్పుకొనేదీ ఇదే. రాత్రికి 4 గంటలు, పది రాత్రుల్లో ఏడు రాత్రులు వాడితే చాలన్న లెక్క ప్రచారంలో ఉంది. అది బీమా చెల్లింపుల కోసం గీసుకున్న గీత మాత్రమే, ఆరోగ్యానికి అంతే చాలని దాని అర్థం కాదు.

ఒక రాత్రిని తీసుకుని చూద్దాం. 11 గంటలకు మాస్కు పెట్టుకొని పడుకున్న మనిషి 3 గంటలకు బాత్రూముకు లేచి, తిరిగి వచ్చి మాస్కు పెట్టుకోకుండానే 6 వరకు పడుకున్నాడు. పొద్దున యంత్రం తెర మీద ఏహెచ్ఐ 2 అని, పక్కనే నవ్వు ముఖం బొమ్మ కనిపిస్తాయి. ఏహెచ్ఐ అంటే గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. అయితే ఆ 2 అనే అంకె మాస్కు ఉన్న 4 గంటలకే చెందుతుంది. చికిత్స లేనప్పుడు అతని అంకె 30 అనుకుంటే, మిగతా 3 గంటల్లో 90 సార్లు శ్వాస చెడి ఉంటుంది. మొత్తం 7 గంటలకు కలిపి సగటు తీస్తే గంటకు 14 వస్తుంది. అంతటితో అయిపోలేదు. కలలు వచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలోనే ఉంటుంది. ఆ దశలో గొంతు కండరాలు మరింత వదులవుతాయి కాబట్టి చాలామందికి ఆప్నియా అప్పుడే ఉద్ధృతంగా వస్తుంది. అంటే అతను మాస్కు తీసేసింది సరిగ్గా దాని అవసరం ఎక్కువగా ఉన్న వేళలోనే.

అందువల్ల సగటు గంటలతో తృప్తి పడకుండా, గత రెండు వారాల్లో ప్రతి రాత్రీ మాస్కు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో యంత్రానికి జతగా వచ్చే యాప్‌లో చూసి రాసుకోవాలి. తెల్లవారుజామున తీసేసే అలవాటు కనిపిస్తే దానికి కారణం వెతకాలి. ముక్కు దిబ్బడ, నోరు ఎండిపోవడం, పట్టీల ఒరిపిడి, ఒత్తిడి పెరిగి ఉక్కిరిబిక్కిరి కావడం, వీటిలో ఏది ఉన్నా పరిష్కారం ఉంది. గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్ స్థాయి పెంచడం, ముక్కు ఎలర్జీకి మందు తీసుకోవడం, మాస్కు రకం మార్చడం వంటివాటితో చాలామందికి సర్దుకుంటుంది. పగటి కునుకు కూడా మాస్కుతోనే తీయాలి. సీపాప్ వాడుతున్నా రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవవలసి వస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆప్నియా పూర్తిగా అదుపులోకి రాలేదనడానికి అదొక సూచన కావచ్చు.

తెర మీది అంకెలను ఎలా చదవాలి?

గంటలు సరిపోతున్నాయంటే తరువాత చూడవలసింది లీక్. మాస్కు అంచుల నుంచి లేదా తెరుచుకున్న నోటి నుంచి గాలి పోతుంటే గొంతులో ఒత్తిడి నిలవదు, పైగా యంత్రం లెక్కలే తప్పుతాయి. రెస్‌మెడ్ కంపెనీ యంత్రాలు నిమిషానికి 24 లీటర్లను హద్దుగా తీసుకుంటాయి. మరికొన్ని యంత్రాలు మాస్కు రంధ్రాల నుంచి సహజంగా బయటికి పోయే గాలిని కూడా కలిపి చూపుతాయి కనుక ఒక యంత్రం అంకెను మరొకదానితో పోల్చకూడదు. మాస్కు సరిచూసుకోవలసింది అద్దం ముందు నిలబడి కాదు. గాలి పూర్తి ఒత్తిడిలో వస్తుండగా, మీరు పడుకొనే భంగిమలోనే, పక్కకు తిరిగి కూడా చూడాలి. గాలి పోతోందని పట్టీలు బిగించేకొద్దీ ముఖానికి ఆనే మెత్తటి కుషన్ అంచు నలిగి లీక్ పెరగడమే ఎక్కువ. పట్టీలు వదులు చేసి, మాస్కును ముఖం నుంచి కొద్దిగా పైకి లాగి, అంచు మళ్లీ గాలితో పొంగి చర్మానికి ఆనుకొనేలా వదలాలి. పడుకొనేముందు ముఖం మీది జిడ్డు కడుక్కోవడం, గట్టిపడిన లేదా సాగిపోయిన కుషన్ మార్చడం చిన్న పనుల్లా కనిపించినా వీటి ఫలితం పెద్దది.

ఆ తరువాత ఒత్తిడి సంగతి. ఒత్తిడిని తామే సర్దుకొనే ఆటో యంత్రాలు చాలావరకు 4 నుంచి 20 సెంటీమీటర్ల (నీటి మట్టం లెక్కలో ఒత్తిడి) పరిధిలో వస్తాయి, కొందరికి వాటిని అలాగే వదిలేస్తారు. నిజానికి 11 అవసరమైన మనిషికి యంత్రం 4 దగ్గర మొదలై, శ్వాస మార్గం ముడుచుకోవడం గమనించిన తరువాతే పైకి పోతుంది. ఆ లోపల నిద్ర పదేపదే చెదురుతుంది. కనీస ఒత్తిడిని పెంచవలసి ఉంటుందేమో డాక్టరును అడగాలి, సొంతంగా మాత్రం మార్చకూడదు. బరువు బాగా పెరిగినా, తగ్గినా కూడా పాత ఒత్తిడి సరిపోకపోవచ్చు.

ఏహెచ్ఐ 5 దాటి ఉంటే అందులో ఏ రకం ఎక్కువో చూడాలి. గొంతు మూసుకుపోవడం వల్ల వచ్చేవి ఒక రకం. మెదడు నుంచి శ్వాస ఆదేశం రాకపోవడం వల్ల వచ్చే సెంట్రల్ ఆప్నియా మరో రకం. సీపాప్ మొదలుపెట్టిన కొందరిలో ఈ రెండోది కొత్తగా కనిపించి, చాలామందిలో కొన్ని వారాలు, నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారు, ఓపియాయిడ్ నొప్పి మందులు వాడేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అంకెలన్నీ బాగున్నాయంటే మంచి నిద్ర పట్టిందని అర్థం కాదు. యంత్రం కొలిచేది గాలి ప్రవాహాన్ని. మీరు నిద్రలో ఉన్నారో, కళ్లు తెరుచుకొని కప్పు చూస్తున్నారో దానికి తెలియదు.

దవడను ముందుకు నిలిపే నోటి పరికరం వాడేవారికి ఈ అంకెలు కూడా ఉండవు. పరికరం పెట్టుకొని మరోసారి నిద్ర పరీక్ష చేయించుకోవడం ఒక్కటే మార్గం. గురక ఆగినంత మాత్రాన ఆప్నియా తగ్గిందని అనుకోకూడదు.

శ్వాస బాగానే ఉంటే

ఇక్కడ ముందుగా అడగవలసింది చాలా మామూలు ప్రశ్న. అసలు ఎంతసేపు పడుకుంటున్నారు? పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి, ఆ లోటును ఏ యంత్రమూ పూడ్చలేదు. తరువాత నిద్రలేమి. ఆప్నియా ఉన్నవారిలో చాలామందికి నిద్రలేమి కూడా తోడుగా ఉంటుంది. దానికి మందులకన్నా ముందు నిద్రవేళల క్రమాన్ని, ఆలోచనలను సరిదిద్దే సీబీటీ చికిత్స మేలు. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకినట్టు, కదిలిస్తే గానీ ఊరట లేనట్టు ఉంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. ఇందులో రక్తహీనత లేకపోయినా ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెరిటిన్ చూడాలి. మిల్లీలీటరుకు 75 నానోగ్రాముల లోపు ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. పడుకొనేముందు తీసుకొన్న మద్యం నిద్ర పట్టించినట్టే పట్టించి, గొంతు కండరాలను సడలించి, తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది.

రక్తపరీక్షల వంతు ఇప్పుడు వస్తుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, బీ12, షుగర్, కిడ్నీ, లివర్ పరీక్షలు మొదటి విడతకు చాలు. షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో బీ12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి దాన్ని వదిలేయకూడదు. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి చూపించాలి. జలుబుకు, దురదకు వాడే పాతకాలపు ఎలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి పగలంతా మత్తుగా ఉంచగలవు. డిప్రెషన్ గురించి అడిగితే కొందరు నొచ్చుకుంటారు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం ఉంటే ఆ ప్రశ్న తప్పకుండా అడగవలసిందే.

ఇవన్నీ చూసినా మగత తగ్గకపోతే, ల్యాబ్‌లో సీపాప్ పెట్టుకొనే రాత్రి నిద్ర పరీక్ష, మరుసటి పగలు ఎంత త్వరగా నిద్ర పడుతోందో కొలిచే ఎంఎస్ఎల్‌టీ పరీక్ష చేయించవచ్చు. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ వంటి మరో జబ్బు దాగి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. పొద్దున తలనొప్పి, రాత్రి ఆక్సిజన్ తగ్గడం ఉన్న స్థూలకాయులకు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కూడా చూడాలి, వారికి గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చే బైపాప్ యంత్రం అవసరం కావచ్చు.

చికిత్స సవ్యంగా అందుతూ, వేరే కారణమేదీ దొరకకుండా మగత మిగిలిపోయేవారు కొందరుంటారు. వారికి మోడాఫినిల్, ఆర్మోడాఫినిల్, సోల్రియామ్‌ఫెటాల్ వంటి మందులు ఉన్నాయి. ఇవి బీపీ, గుండె వేగం పెంచవచ్చు. మొదటి రెండూ హార్మోన్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తాయి. మెలకువగా ఉంచడమే వీటి పని, మూసుకుపోయే గొంతును ఇవి తెరవవు. కాబట్టి మందు మొదలుపెట్టిన తరువాత కూడా మాస్కు గంటలు తగ్గలేదని యాప్‌లో చూసుకుంటూ ఉండాలి, తగ్గితే ఆ సంగతి తదుపరి సందర్శనలో డాక్టరుకు చెప్పాలి.