ఎన్నికల డ్యూటీకి తీసుకున్న బస్సుకు బిల్లు పెట్టడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో ఎన్నికల వేళ పోలీసు బలగాలను, పోలింగ్ సిబ్బందిని చేరవేయడానికి మీ బస్సును స్వాధీనం చేసుకుంటే, మొదట అడిగి తీసుకోవలసింది లిఖితపూర్వకమైన ఉత్తర్వు. ఆ అధికారం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 160వ సెక్షన్‌ది; స్థానికంగా ఉన్న అద్దె రేట్లను బట్టి పరిహారం చెల్లించాలని 161వ సెక్షన్ చెబుతుంది.

బిల్లుకు ప్రాణం లాగ్ బుక్కే, అంటే బస్సు రాకపోకల వివరాలు రాసే పుస్తకం. బస్సు షెడ్డు నుంచి కదిలేటప్పుడే మీటరు రీడింగు, సమయం రాసుకొని, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం చేరగానే అక్కడి బాధ్యతాధికారి చేత పేరు, హోదాతో సహా సంతకం చేయించాలి. కదలకుండా నిలిపి ఉంచిన రోజులను కూడా తప్పక రాయించండి. ఒకసారి మా బస్సు రెండు రోజులు బడి ఆవరణలో నిలిచిపోతే, ఆ సంగతి పుస్తకంలో లేదన్న కారణంతో ఆ అద్దె మాకు రాలేదు, ఆ బాధ నాకు ఇంకా ఉంది. అధికారులు ఇచ్చిన కూపన్ల మీద పోసిన డీజిలును లీటర్లలో విడిగా చూపాలి.

ఉత్తర్వు, లాగ్ బుక్కు, ఆర్‌సీ, బ్యాంకు పాస్‌బుక్కుల నకళ్లు జతచేసి బిల్లు అందించి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మంజూరైన మొత్తం అన్యాయమనిపిస్తే, నిర్ణీత గడువులోగా మధ్యవర్తికి నివేదించమని ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.