హోంస్టెడ్ చట్టం కింద 160 ఎకరాల పట్టా: దరఖాస్తు విధానం

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1862 మే 20న సంతకం చేసిన హోంస్టెడ్ చట్టం 1863 జనవరి 1న అమలులోకి వచ్చి 1976 దాకా నడిచింది. సర్కారు భూమిలో కాపురముండి సాగు చేసినవారికి ఆ భూమి పట్టా ఇవ్వడమే దీని ఉద్దేశం. దీని కింద పట్టా పొందడానికి కట్టవలసిన రుసుములన్నీ కలిపినా సుమారు 18 డాలర్లే కావడంతో, దీనిని ఉచిత భూపంపిణీగా చెప్పడం అలవాటైపోయింది. విధానాన్ని మొదటి నుంచి చివరి దాకా పరిశీలిస్తే మాత్రం, అర్జీ పెట్టడం ఒక పూట పని అనీ, ఆ అర్జీని నిలబెట్టుకోవడం ఐదేళ్ల పని అనీ తెలుస్తుంది.

అర్హత

దరఖాస్తుదారు కుటుంబ యజమాని అయినా, 21 ఏళ్లు నిండినవారైనా అయి ఉండాలి. యుద్ధకాలంలో సైన్యంలో గాని నౌకాదళంలో గాని కనీసం 14 రోజులు పనిచేసినవారికి వయసు నిబంధన వర్తించదు. దేశ పౌరులతో పాటు, పౌరసత్వం తీసుకుంటామని చట్టప్రకారం ముందస్తు ప్రకటన దాఖలు చేసిన వలసదారులు కూడా అర్హులే. ఐరోపా నుంచి వచ్చిన వేలాది కుటుంబాలు ఈ వెసులుబాటుతోనే దరఖాస్తు చేసుకున్నాయి. ఫెడరల్ ప్రభుత్వంపై ఆయుధం పట్టలేదని, దాని శత్రువులకు సాయపడలేదని కూడా ప్రమాణం చేయాలి. అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో రాసిన చట్టం గనుక ఈ షరతు చేరింది.

అవివాహిత స్త్రీలు, వితంతువులు, విడాకులు పొందినవారు తమ పేరిటే భూమి తీసుకోవచ్చు. భర్త ఉన్న స్త్రీకి సాధారణంగా ఆ వీలు లేదు. 1868 నాటి పద్నాలుగో రాజ్యాంగ సవరణతో నల్లజాతివారి పౌరసత్వం స్థిరపడి వారికీ దారి తెరుచుకుంది. చైనా నుంచి వచ్చినవారికి పౌరసత్వం పొందే హక్కునే నాటి చట్టాలు నిరాకరించాయి కాబట్టి, వారు ఈ దరఖాస్తు గుమ్మం దాకా కూడా రాలేకపోయారు.

భూమిని గుర్తించడం

అర్జీలో ఊరి పేరు, చెట్టు పుట్ట హద్దులు రాస్తే చెల్లదు. ప్రభుత్వ సర్వే ప్రకారమే రాయాలి. 1785లో మొదలైన ఆ పద్ధతిలో నేలను ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్‌లుగా, ఒక్కొక్క టౌన్‌షిప్‌ను 640 ఎకరాల సెక్షన్లు 36గా విభజిస్తారు. సెక్షన్‌లో నాలుగో వంతు 160 ఎకరాలు. ఒక్క దరఖాస్తుకు గరిష్ఠ పరిమితి అదే. రైలు కంపెనీలకు ధారాదత్తం చేసిన ప్రాంతాల్లో మిగిలిన సర్కారు భూమి ధర రెట్టింపు కనుక, అక్కడ తొలి ఏళ్లలో 80 ఎకరాలే ఇచ్చారు. సర్వే పూర్తికాని భూమిలో స్థిరపడినవారికి ఈ చట్టం కింద హక్కు 1880 మే 14 నాటి చట్టంతో గాని రాలేదు.

సర్వేకు ముందే జరిగిపోయే మెట్టు ఒకటి ఉంది. అది ఏ దరఖాస్తు ఫారంలోనూ కనిపించదు. సర్కారు భూమి అని రాసుకునే ఆ నేల స్థానిక జాతుల నుంచి ఒప్పందాల ద్వారా, చాలా చోట్ల ఒత్తిడితోనూ బలవంతంతోనూ, ప్రభుత్వం చేతికి వచ్చినదే. నెబ్రాస్కాలో ఓటో-మిజూరియా జాతి 1854 ఒప్పందంలో తన భూములలో అధికభాగాన్ని వదులుకుని, బిగ్ బ్లూ నది ఒడ్డున ఒక చిన్న రిజర్వేషన్‌కు (ఆ జాతి నివాసానికి కేటాయించిన ప్రాంతానికి) పరిమితమైంది. దాపునే ఉన్న బియాట్రిస్ ప్రాంతంలో దాదాపు తొమ్మిదేళ్ల తరువాత హోంస్టెడ్ అర్జీలు మొదలయ్యాయి.

అర్జీ దాఖలు

భూమి ఏ భూకార్యాలయం పరిధిలోకి వస్తుందో అక్కడికి దరఖాస్తుదారు స్వయంగా వెళ్లాలి. అక్కడ రికార్డులు చూసే అధికారి ఒకరు, డబ్బు పుచ్చుకునే రిసీవరు ఒకరు ఉంటారు. కోరిన భూమి ఖాళీగా ఉన్నదీ లేనిదీ ట్రాక్ట్ బుక్కులో (ఏ ముక్క ఎవరికి పోయిందో రాసే భూముల రిజిస్టరులో) సరిచూసుకున్నాక అర్జీ, దానితో పాటు ప్రమాణపత్రం తీసుకుంటారు. భూమిని సొంత వినియోగానికే, నివాసానికీ సాగుకూ తీసుకుంటున్నాననీ, మరొకరి లాభం కోసం కాదనీ ఆ పత్రంలో ప్రమాణం చేయాలి. బినామీలను ఆపడానికి పెట్టిన ఈ మాట కాగితం మీద గట్టిదే గాని, పశువుల ఆసాములూ కలప వ్యాపారులూ కూలి మనుషుల చేత అర్జీలు పెట్టించడాన్ని అది ఆపలేకపోయింది. 10 డాలర్ల రుసుము, 2 డాలర్ల కమిషను చెల్లించి రసీదు తీసుకోవాలి. చివరి రుజువు నాడు మరో 6 డాలర్లు కడతారు.

ఐదేళ్ల నివాసం, రుజువు

రసీదు చేతికి వచ్చినా భూమి ఇంకా ప్రభుత్వానిదే. దరఖాస్తుదారు ఇల్లు కట్టుకుని, నేల దున్ని, ఐదేళ్లు అక్కడే కాపురం ఉండాలి. ఆరు నెలలకు మించి వదిలి వెళ్లినట్టు తేలితే భూమి తిరిగి సర్కారుకు పోతుంది. మాజీ సైనికులకు 1872 చట్టం సైనిక సేవాకాలాన్ని ఐదేళ్లలో మినహాయించింది. దరఖాస్తుదారు మరణిస్తే భార్య, ఆమె లేకపోతే వారసులు ఆ గడువును పూర్తిచేయవచ్చు. ఐదేళ్లు ఆగలేనివారు ఆరు నెలల నివాసం చూపి, ఎకరానికి 1.25 డాలర్ల చొప్పున కట్టి భూమిని కొనుక్కోవచ్చు. 1891లో ఆ ఆరు నెలలను పద్నాలుగుకు పెంచారు.

ఐదేళ్లు నిండాక రెండేళ్లలోపు రుజువు సమర్పించాలి. 1879 నుంచి, రుజువు సమర్పించబోయే తేదీనీ సాక్షుల పేర్లనూ భూమికి దగ్గరి వార్తాపత్రికలో ప్రకటించడం తప్పనిసరి అయింది. ఆక్షేపణ ఉన్నవారు ముందుకు రావడానికే ఈ ఏర్పాటు. ఇద్దరు నమ్మదగిన సాక్షులు, సాధారణంగా ఇరుగుపొరుగువారే, ప్రమాణం చేసి చెప్పాలి.

సాక్షులు ఎంత వివరంగా చెప్పాలో డేనియల్ ఫ్రీమన్ ఫైలు చూపుతుంది. చట్టం అమలైన తొలి రోజునే నెబ్రాస్కాలోని బ్రౌన్‌విల్ కార్యాలయంలో అర్జీ పెట్టిన ఆయన భూమి 4వ ఉత్తర టౌన్‌షిప్, 5వ తూర్పు రేంజిలోని (రేంజి అంటే ఉత్తర-దక్షిణాలుగా సాగే టౌన్‌షిప్‌ల వరుస) 26వ సెక్షన్‌లో ఉంది. కొంత దుంగలతో, కొంత చెక్క చట్రంతో కట్టిన 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల ఇల్లు, దానికి రెండు తలుపులు, రెండు కిటికీలు, పలకల నేల. దున్ని కంచె వేసిన సుమారు 35 ఎకరాలు. వంద అడుగుల గొర్రెల కొట్టం. 40 ఆపిల్ చెట్లు, దాదాపు 400 పీచ్ చెట్లు ఉన్నాయని పొరుగువారు వాంగ్మూలమిచ్చారు. ఐదేళ్లలో 160 ఎకరాల్లో సాగులోకి వచ్చింది 35 ఎకరాలే అన్నది గమనించవలసిన విషయం. 1868 జనవరిలో రుజువు ఇస్తే, వాషింగ్టన్‌లోని జనరల్ ల్యాండ్ ఆఫీసు నుంచి అధ్యక్షుడి పేరిట పట్టా 1869లో వచ్చింది.

పాత ఫైలు నకలుకు నేటి దరఖాస్తు

1976లో రద్దయ్యే నాటికి (అలాస్కాలో మరో పదేళ్లు కొనసాగింది) ఈ చట్టం దేశంలో పదో వంతు నేలను, అంటే సుమారు 27 కోట్ల ఎకరాలను, దాదాపు 16 లక్షల పట్టాలుగా పంచింది. ఆ ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పత్రాల భాండాగారంలో) ఉన్నాయి. పట్టా బొమ్మను సర్కారు భూముల సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైటులో పేరుతో వెతికి ఉచితంగా చూడవచ్చు. సాక్షుల వాంగ్మూలాలు, వలసదారుల పౌరసత్వ పత్రాలు ఉండే పూర్తి ఫైలు కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్‌కు ఆన్‌లైన్‌లో గాని, నిర్ణీత ఫారం నింపి గాని రుసుముతో దరఖాస్తు చేయాలి. 1908 జూలైకి ముందటి ఫైళ్లకు రాష్ట్రం, భూకార్యాలయం పేరు, తుది ధ్రువపత్రం (రుజువు అంగీకరించాక భూకార్యాలయం ఇచ్చిన కాగితం) సంఖ్య రాయాలి; ఆ తరువాతి వాటికి పట్టా వరుస సంఖ్య చాలు. మధ్యలో వదిలేసిన, రద్దయిన అర్జీలకు కూడా ఫైళ్లు ఉన్నాయి. వాటికి పట్టా ఉండదు గనుక వెబ్‌సైటులో పేరు దొరకదు. ఆ భూమి సర్వే వివరాలతో ట్రాక్ట్ బుక్కులో వెతికి, అర్జీ సంఖ్య తెలుసుకున్నాకే దరఖాస్తు పంపాలి.