లేవగానే కళ్లు తిరిగి పడిపోతుంటే బీపీ ఇలా చూడండి

మా నాన్నకు పార్కిన్సన్స్. మంచం దిగి రెండడుగులు వేసేసరికి "కళ్లకు చీకటి కమ్ముతోందమ్మా" అని గోడ పట్టుకునేవారు. కూర్చోబెట్టి చూస్తే బీపీ నార్మల్. అందుకే చెబుతున్నాను, కూర్చున్నప్పటి బీపీ ఒక్కటే నమ్మకండి.

పొద్దున్నే, కాఫీకి ముందు చూడండి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి. తర్వాత చేతి పట్టీ తీయకుండానే నిలబెట్టి, ఒక నిమిషానికి, మళ్లీ మూడో నిమిషానికి. చెయ్యి కిందికి వేలాడితే అంకె తప్పొస్తుంది, గుండె ఎత్తులో ఉండేలా మీరే పట్టుకోండి. వెనకాల కుర్చీ, పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టర్‌కు చెప్పాలి. నాన్నది 138/80 నుంచి 102/64కి దిగింది. పల్స్ కూడా రాయండి. బీపీ అంత దిగినా పల్స్ పెద్దగా పెరగలేదంటే డాక్టర్లు నరాల లోపాన్ని అనుమానిస్తారు. నేనైతే అన్నీ గోడ క్యాలెండర్ గళ్లలోనే రాసి, ఆ కాగితమే చించి పట్టుకెళ్లాను.

మందుల డబ్బా కూడా తీసుకెళ్లండి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్, పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా, ఏదైనా కారణం కావచ్చు. సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

మాకు న్యూరాలజిస్టు పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్ రాశారు. కండరాలు నీరసపడే జబ్బు మయస్థీనియా గ్రేవిస్‌కు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మాత్ర ఇది. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 58 మందికి ఇచ్చి చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. 60 మిల్లీగ్రాములతో, నిలబడ్డప్పుడు కింది అంకె పడిపోవడం కొంత తగ్గింది. పడుకున్నప్పటి బీపీ మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. నాకు ధైర్యమిచ్చింది ఈ రెండో సంగతే, ఎందుకంటే ఇలా లేవగానే బీపీ పడిపోయేవాళ్లకే ఇచ్చే ఇంకో మాత్ర మిడోడ్రిన్‌తో పడుకున్నప్పుడు బీపీ ఎగబాకే భయం ఉంటుంది. అయితే పిరిడోస్టిగ్మిన్ గుణం కొద్దిపాటిదే, అద్భుతాలు ఆశించకండి. విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, నోట్లో నీళ్లూరడం ఉండొచ్చు, పల్స్ తగ్గొచ్చు. ఉబ్బసం, మూత్రం అడ్డుపడే బాధ ఉంటే ముందే చెప్పండి.

కడుపునొప్పికిచ్చే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ కూడా బ్రోమైడే కదా అనుకోవద్దు. అది దాదాపు దీనికి ఎదురు పనిచేస్తుంది, గుండె వేగం పెంచుతుంది.

లేచేముందు మంచం అంచున కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. తలకు దెబ్బ, ఛాతీనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా బీపీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.