దిండు కింద రొట్టెముక్కలు: మా పాప విషయంలో పనిచేసింది

మాది బరంపురం. దత్తతకు ముందు ఫోస్టర్ కేర్ (దత్తత ఖరారయ్యేలోపు పిల్లల్ని మనింట్లోనే ఉంచుకుని చూసుకోవడం) కింద నాలుగేళ్ల పాప మా ఇంటికొచ్చింది. కడుపునిండా తిన్నా దిండు కింద రొట్టెముక్కలు దాచేది. మందలించాం, బుజ్జగించాం, నిద్రపోయాక తీసేశాం. దాచడం ఇంకా ఎక్కువైంది.

ముందు తీసేయడం మానేశాం. తర్వాత బజారుకు తీసుకెళ్లి, మూతున్న చిన్న స్టీలు డబ్బా తననే ఎంచుకోమన్నాం. రోజూ పడుకునే ముందు మరమరాలు తన చేత్తోనే నింపుకునేది. డబ్బా దిండు పక్కనే. "ఇది నీదే, ఎవరూ తీయరు" అని తనకొచ్చిన ఒడియాలోనే చెప్పాం. మొదట్లో అర్ధరాత్రి లేచి మూత తీసి చూసుకునేది. ఆ చప్పుడుకి గుండె తరుక్కుపోయేది. ఆరు వారాలకు డబ్బా వంటింట్లో మర్చిపోయి పడుకుంది.

అందరు పిల్లలకూ ఇది కుదురుతుందని చెప్పలేను. ఫోస్టర్ కేర్ కింద బిడ్డ ఇంటికొచ్చినప్పటి నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చే సోషల్ వర్కర్‌కు ఇలాంటివి దాచకుండా చెప్పండి.