సైకిల్ చైన్ మొరాయిస్తే: ఏది విప్పాలి, ఏది విప్పక్కర్లేదు

చైన్ ఇబ్బంది పెట్టగానే ప్లయర్ పట్టుకుని విప్పడానికి కూర్చోకండి. ముందు ఐదు నిమిషాలు చూడండి. చైన్ ఏ వైపు ఊడుతోంది, ఎప్పుడు శబ్దం చేస్తోంది, ఎక్కడ పట్టేస్తోంది? ఇవి తెలిస్తే చాలాసార్లు చైన్ విప్పే పనే ఉండదు. వెనక చక్రం సర్దితేనో, ఒక స్క్రూ పావు చుట్టు తిప్పితేనో, నాలుగు చుక్కల నూనె వేస్తేనో సరిపోతుంది.

చెన్నైలో మన అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో కనిపించేవి రెండు రకాల సైకిళ్ళు. ఒకటి గేర్లు లేని పాతకాలం సైకిల్. అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్ లాంటిది. వాచ్‌మన్ దగ్గరో, రిటైరైన పెద్దాయన దగ్గరో ఉంటుంది. రెండోది పిల్లాడి కోసమో, ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద తొక్కడానికో కొన్న గేర్ల సైకిల్. వీటి చైన్లు వేరు, విప్పే తీరు వేరు. కింద ఏ మాట ఏ సైకిల్‌కో చెప్తూ వెళ్తాను.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో చైన్ పట్టుకోవద్దు. చైన్‌కీ పళ్ళకీ మధ్య వేలు పడితే గోరుతో పోదు. పిల్లలు పక్కన ఉంటే పెడల్ వాళ్ళ చేతికి ఇవ్వకండి.

గేర్లు లేని సైకిల్: చైన్ మాటిమాటికీ ఊడుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, చైన్ లూజు. పెడల్ చక్రానికీ వెనక చక్రానికీ నడుమ, కింది వరస మధ్యలో చైన్‌ను స్క్రూడ్రైవర్‌తో పైకీ కిందికీ కదిపి చూడండి. మొత్తం అర అంగుళం ఆడితే సరే. అంగుళం, అంతకంటే ఎక్కువ ఆడితే గతుకుల్లో ఊడిపోతుంది.

వెనక యాక్సిల్ నట్లు రెండూ పానాతో వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి మళ్ళీ బిగించాలి. రెండు వైపులా సమానంగా లాగడమే ఇందులో అసలు పని. ఒక వైపు ఎక్కువ లాగితే చక్రం వంకరగా కూర్చుని, టైరు ఒక పక్క ఫ్రేముకు రాసుకుంటుంది, చైన్ మళ్ళీ ఊడుతుంది. చైన్ అడ్జస్టర్లు ఉంటే వాటి నట్లను అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు తిప్పుతూ పోండి. బిగించాక పెడల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఒక చోట టైటుగా, ఇంకో చోట లూజుగా ఉంటే ముందు పళ్ళచక్రం గుండ్రంగా లేదని అర్థం. అప్పుడు అన్నిటికంటే టైటుగా ఉన్న చోట ఆ అర అంగుళం ఉండేలా సర్దండి. లేకపోతే అక్కడ చైన్ బిగుసుకుని పెడల్ బరువెక్కుతుంది. చక్రం కదిపారు కాబట్టి వెనక బ్రేకు కట్టలు రిమ్ముకు సరిగ్గా తగులుతున్నాయో లేదో చూశాకే రోడ్డెక్కండి.

ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి చివరికి చక్రం వచ్చేసినా చైన్ ఇంకా లూజుగా ఉంటే అది సాగిపోయిన చైన్. అందులోంచి ఒక అంగుళం ముక్క తీయించి కొన్నాళ్ళు లాగించేవాళ్ళున్నారు. నేనైతే కొత్తది వేయమంటాను. సాగిన చైన్ పళ్ళను కూడా తినేస్తుంది.

గేర్ల సైకిల్: ఏ వైపు ఊడుతోందో చూడండి

ఇక్కడ లూజు సమస్య ఉండదు. గేరు మార్చినప్పుడు చైన్‌ను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగాన్ని డీరెయిలర్ అంటారు. వెనక డీరెయిలర్‌లోని స్ప్రింగే చైన్‌ను లాగి పట్టుకుంటుంది. ఊడిందంటే డీరెయిలర్ హద్దు దాటి పోతోందన్నమాట. వెనక డీరెయిలర్ మీద పక్కపక్కనే రెండు చిన్న స్క్రూలుంటాయి, హెచ్, ఎల్ అని రాసి ఉంటుంది. చైన్ పెద్ద పళ్ళచక్రం దాటి చక్రం పుల్లల్లోకి (స్పోక్స్‌లోకి) పడితే ఎల్ స్క్రూను, చిన్నది దాటి ఫ్రేము వైపు పడితే హెచ్ స్క్రూను కుడివైపుకు పావు చుట్టు తిప్పండి. మళ్ళీ గేర్లు మార్చి చూడండి. ముందు భాగంలో చైన్ లోపలికి, అంటే ఫ్రేము వైపు పడితే ముందు డీరెయిలర్ ఎల్ స్క్రూను అలాగే తిప్పాలి. ఒకేసారి రెండు చుట్లు తిప్పేస్తే ఈసారి ఆ గేరే పడదు.

నిన్నటి దాకా బాగుండి ఇవాళ హఠాత్తుగా పుల్లల్లోకి పడుతోందంటే స్క్రూల జోలికి పోకండి. పార్కింగ్‌లో ఎవరి బైకో తగిలి సైకిల్ కుడివైపుకు పడి ఉంటుంది. డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న కొక్కెం వంగితే, దాన్ని సరిచేసే పనిముట్టు షాపులోనే ఉంటుంది. వంగిన దాన్ని స్క్రూలతో సర్దబోతే ఒక రోజు డీరెయిలర్ వెళ్ళి పుల్లల్లో ఇరుక్కుంటుంది.

తొక్కుతుంటే టక్కుమని జారుతోంది

ఈ ఒక్క లక్షణానికి నాలుగైదు కారణాలుంటాయి. అందుకే చాలామంది దీని దగ్గరే డబ్బు వృథా చేసుకుంటారు.

పెడల్ తిరుగుతోంది, చైన్ కదులుతోంది, వెనక పళ్ళు కూడా తిరుగుతున్నాయి, చక్రం మాత్రం కదలట్లేదు. అయితే చైన్‌ది తప్పు కాదు, ఫ్రీవీల్ (వెనక పళ్ళు ముందుకు తిరిగినప్పుడు మాత్రమే చక్రాన్ని తిప్పే భాగం) లోపలి కొక్కేలు పట్టట్లేదు. సైకిల్‌ను ఎడమవైపుకు పడుకోబెట్టి, ఫ్రీవీల్ తిరిగే సందులో పల్చటి నూనె వేసి కాసేపు తిప్పండి. తుప్పుకు ఇరుక్కున్న కొక్కేలైతే వదులుతాయి. అయినా జారుతుంటే ఫ్రీవీల్ మార్చాల్సిందే.

జారడం ఒక లెక్కగా, కొన్ని తొక్కుళ్ళకోసారి వస్తోందా? ఏదో ఒక లింకు బిగుసుకుని ఉంటుంది. పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ డీరెయిలర్ కింది చిన్న చక్రాన్ని చూడండి. బిగుసుకున్న లింకు అక్కడికి రాగానే డీరెయిలర్ చేయి ఎగిరి పడుతుంది. ఆ లింకు మీద నూనె చుక్క వేసి, రెండు బొటనవేళ్ళతో చైన్‌ను పక్కలకు, అంటే అది మామూలుగా వంగని దిశలో, కొద్దిగా వంచి వదిలితే పిన్ను దగ్గర వదులవుతుంది.

ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే కేబుల్ టెన్షన్ చూడండి. పెద్ద పళ్ళ వైపు గేరు ఆలస్యంగా పడుతుంటే, కేబుల్ డీరెయిలర్‌లోకి వెళ్ళే చోట ఉన్న బిరడాను ఎడమవైపుకు అర చుట్టు తిప్పితే కేబుల్ బిగుస్తుంది.

అన్ని గేర్లలో, ముఖ్యంగా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బలంగా తొక్కితే జారుతుంటే అది అరుగుదల. దీనికి స్టీల్ టేపు చాలు. టేపు కొక్కెం దగ్గర కొలత నమ్మలేం కాబట్టి 1 అంగుళం గీతను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ దూరం అర అంగుళం, అన్ని సైకిళ్ళకూ ఇంతే. కాబట్టి కొత్త చైన్‌లో 13 గీత దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్యభాగం ఉంటుంది. అది 1/16 అంగుళం అవతలికి పోతే చైన్ మార్చే సమయం వచ్చింది. 1/8 అంగుళం పోయిందంటే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే ఇంకా ఎక్కువ జారుతుంది. "కొత్త చైన్ వేయించాకే పాడైంది" అని షాపువాడితో గొడవపడేవాళ్ళ సంగతి సాధారణంగా ఇదే.

ఎర్రగా తుప్పు పట్టింది

తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వైపు ఉండేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి నూనె లేని చైన్ కొద్ది రోజుల్లోనే ఎర్రబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఈ ఊళ్ళో చైన్‌కు నూనె వేయడానికి సెప్టెంబరు ఆఖరును మించిన సమయం లేదు. మన తెలుగు పల్లెల్లో జూన్ వానల ముందు చేసే పని ఇక్కడ మూడు నెలలు ఆలస్యంగా చేయాలి.

పైపైన గోధుమ రంగు పొడిలా ఉండి లింకులన్నీ వంగుతుంటే చైన్ బతికే ఉంది. పాత గుడ్డతో తుడిచి నూనె వేస్తే చాలు. చేతిలోకి తీసుకున్నప్పుడు వంగిన చోటే వంగి నిలబడిపోతే, రోలర్లు (పిన్నుల మీద తిరిగే చిన్న గొట్టాలు) తిరగకపోతే, దాన్ని నానబెట్టి బతికించే ప్రయత్నం వద్దు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో కింది పార్కింగ్‌లో మునిగిన సైకిళ్ళ లాంటివైతే చైన్ మార్చినా పని పూర్తి కాదు. చక్రాల ఇరుసుల్లో, పెడల్ ఇరుసులో గ్రీజు కూడా పోయి ఉంటుంది. వాటినీ విప్పించాలి.

కడగడానికి కిరోసిన్ ఇప్పుడు అందరికీ దొరకట్లేదు. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, పాత టూత్‌బ్రష్ బాగానే పనిచేస్తాయి. పెట్రోల్ మాత్రం వద్దు, అందులోనూ గ్యాస్ పొయ్యికి ఆనుకుని ఉన్న యుటిలిటీ బాల్కనీలో అసలు వద్దు. నీళ్ళతో కడిగితే ఎండలో పూర్తిగా ఆరనిచ్చి ఆ రోజే నూనె వేయాలి.

ఏ నూనె? సైకిల్ షాపుల్లో అమ్మే చైన్ ల్యూబ్ ఉంటే అదే. లేకపోతే కుట్టుమిషన్ నూనె తాత్కాలికంగా పనికొస్తుంది, తరచుగా వేసుకోవాలి. బైకులోంచి తీసిన నల్ల ఇంజిన్ ఆయిల్ వేస్తే బీచ్ రోడ్డు ఇసుకంతా చైన్‌కే అంటుకుంటుంది. వంటనూనె, కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగురవుతాయి. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి మంచిదే, కానీ అది చైన్ మీద నిలిచే నూనె కాదు. ప్రతి రోలర్‌కూ ఒక్క చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, కాసేపాగి పైన కనిపించే నూనెంతా తుడిచేయండి. నూనె ఉండాల్సింది లోపల.

విప్పుదామంటే ఎక్కడ విప్పాలో తెలియట్లేదు

గేర్లు లేని సైకిల్ చైన్‌లో ఒక లింకు మీద చేప ఆకారంలో చిన్న స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. అదే చైన్ లాక్. మట్టి పట్టి ఉంటే కనపడదు, తుడుస్తూ వెతకాలి. పూర్తి చైన్ కవర్ ఉన్న సైకిల్ అయితే వెనక రేకు ముక్క విప్పి, లాక్ అక్కడికి వచ్చేదాకా తిప్పండి. ముందుగా వెనక నట్లు వదులు చేసి చైన్‌ను లూజు చేస్తే పని తేలికవుతుంది. ముక్కు ప్లయర్ ఒక దవడను క్లిప్ తెరిచిన నోటి కొసల మీద, రెండో దవడను ఆ నోటికి దగ్గరి పిన్ను మీద పెట్టి నొక్కితే క్లిప్ జారి వస్తుంది. పైన ఒక గుడ్డ కప్పి నొక్కండి. ఎగిరిపోతే ఆ బాల్కనీలోంచి కింది ఫ్లోరుకే.

తిరిగి వేసేటప్పుడు అందరికీ వచ్చే సందేహం మా కింది ఫ్లాట్ నెల్లూరు కుర్రాడికీ వచ్చింది.

"అంకుల్, క్లిప్ నోరు ఎటుండాలి? ముందుకా, వెనక్కా?"

"పై వరసలో పెడుతున్నావా, కింది వరసలోనా?"

"కింద."

"అయితే నోరు ముందు చక్రం వైపు పెట్టు."

మూసి ఉన్న కొస ఎప్పుడూ చైన్ కదిలే దిశలో ఉండాలి. పై వరసలో చైన్ ముందుకు పోతుంది, కింది వరసలో వెనక్కి వస్తుంది. దారిలో ఏదైనా తగిలినా మూసిన కొసకు తగులుతుంది కాబట్టి క్లిప్ ఊడదు. క్లిప్ బయటి వైపు, కంటికి కనిపించేలా ఉండాలి. రెండు పిన్నుల గాడుల్లోనూ కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి. వంగిన క్లిప్‌ను సాగదీసి మళ్ళీ వాడకండి.

కవర్ ఉన్న సైకిల్‌కు చైన్ మార్చేటప్పుడు పాతది పూర్తిగా లాగేయకండి. పాత చైన్ కొసకు కొత్త చైన్ కొసను లాక్‌తో తగిలించి, పాతదాన్ని మెల్లగా లాగితే కొత్తది కవర్ లోపలి దారిలో తానే వెళ్తుంది. ఇది తెలియక కవరంతా ఊడదీసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

గేర్ల సైకిల్‌కు క్లిప్ ఉండదు, రెండు ముక్కల క్విక్ లింకు ఉంటుంది. ముందు వెనకా చిన్న పళ్ళ మీదికి గేరు మార్చి, డీరెయిలర్‌లో చైన్ వెళ్ళే దారిని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. క్విక్ లింకు ప్లయర్ లేకపోతే బూటు లేసు చాలు. లింకుకు అటూ ఇటూ రోలర్ల వెనక నుంచి లేసు చుట్టి, రెండు కొసలూ గట్టిగా లాగితే పిన్నులు దగ్గరకు జరిగి విడిపోతాయి. తిరిగి వేసేటప్పుడు రెండు ముక్కలూ కలిపి, లింకును పై వరస మధ్యలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్‌ను గట్టిగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. 6, 7, 8 స్పీడు (స్పీడు అంటే వెనక పళ్ళచక్రాల సంఖ్య) చైన్ల క్విక్ లింకుల్లో చాలావాటిని మళ్ళీ వాడుకోవచ్చు. 11, 12 స్పీడువాటిలో చాలావరకు ఒక్కసారి వాడకానికే చేసినవి. ప్యాకెట్ మీద రాసింది చూడండి.

క్విక్ లింకు కూడా లేకపోతే చైన్ కట్టర్‌తో ఒక పిన్నును నెట్టాలి. ఆ పిన్నునే మళ్ళీ లోపలికి కొట్టి బిగించడం సన్నటి గేర్ల చైన్లకు పనికిరాదు, ఎక్కడంలో తెగుతుంది. విప్పే ముందే మీ చైన్‌కు సరిపోయే క్విక్ లింకు కొని పెట్టుకోండి.

వేశాక గరగరమంటోంది

డీరెయిలర్ బోను లోపల రెండు చిన్న చక్రాల మధ్య ఒక చిన్న రేకు ఉంటుంది. చైన్ దాని తప్పు వైపు నుంచి వెళ్తే రాసుకుంటుంది, తొక్కడానికి మాత్రం బాగానే తిరుగుతుంది. ఇందాకటి ఫోటో చూసి విప్పి మళ్ళీ వేయండి.

కొత్త చైన్ కొన్నాను, సరిపోవట్లేదు

"21 గేర్ల సైకిల్‌కు చైన్ ఇవ్వండి" అని అడగకండి. వెనక ఎన్ని పళ్ళచక్రాలున్నాయో లెక్కపెట్టి చెప్పండి. ముందు 3, వెనక 7 ఉంటే మీకు కావాల్సింది 7 స్పీడు చైన్, సాధారణంగా 6, 7, 8కి ఒకే ప్యాకెట్. దాని లోపలి వెడల్పు 3/32 అంగుళం. గేర్లు లేని పాత సైకిల్‌కు 1/8 అంగుళం వెడల్పుది కావాలి. సన్నది ఇస్తే లావు పళ్ళ మీద కూర్చోదు.

పొడవుకు పాత చైన్‌ను పక్కన పెట్టి లింకులు లెక్కపెట్టడమే సులువు. సాగి ఉంటుంది కాబట్టి పొడవు చూసి కాదు, లింకులు లెక్కపెట్టే కత్తిరించండి. పాతది లేకపోతే డీరెయిలర్‌లోంచి కాకుండా, నేరుగా ముందు పెద్ద పళ్ళ మీదా వెనక పెద్ద పళ్ళ మీదా చుట్టి, కొసలు కలిసే చోట నుంచి రెండు లింకులు, అంటే ఒక అంగుళం, అదనంగా ఉంచి కత్తిరించాలి. కత్తిరించిన ముక్కను పారేయకుండా, ఒక అదనపు క్విక్ లింకుతో కలిపి సీటు కింది సంచిలో వేసుకోండి. మహాబలిపురం దారిలో చైన్ తెగితే, చైన్ కట్టర్ కూడా వెంట ఉంటే, అతకడానికి పనికొస్తుంది.