వీధిలోకి తీస్తే విరుచుకుపడే కుక్క: సమస్య - పరిష్కారం

మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా కాలియా మా ఇంటికొచ్చేసరికి దానికి 8 నెలలు. కుక్కపిల్లకి 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా ఏం చూస్తే అదే లోకం. ఆ రోజులు అది ఎక్కడ, ఎవరి రాళ్లదెబ్బలు తింటూ గడిపిందో మాకు తెలీదు. అందుకే "నెలలో మార్చేస్తా" అనే మాట నేను నమ్మను. తగ్గుతుంది, అంతే.

సమస్య: నిన్నటిదాకా బాగుండి, ఇవాళ ముట్టుకుంటే గుర్రుమంటోంది

ముందు నొప్పి చూడండి, బుద్ధి తర్వాత. ఓ వానాకాలం తల నిమరబోతే కాలియా పళ్లు చూపించింది. "దానికి పొగరెక్కింది" అంది మా అత్త. చెవి ఎత్తి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది, పుల్లటి వాసన. డాక్టరు ఇచ్చిన చుక్కలు వేశాక పొగరు దిగింది! కీళ్లు, పళ్లు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఇవన్నీ కోపంలాగే కనిపిస్తాయి. మనం మింగే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వెయ్యకండి, కుక్కకి విషం.

సమస్య: గొలుసు కట్టి తీసుకెళ్తే ఇంకో కుక్కని చూసి ఎగబడుతోంది

కారణం చాలాసార్లు భయమే. వదిలేసి ఉంటే పక్కకి తప్పుకునేది. గొలుసుంది కాబట్టి పారిపోలేదు, అందుకని ముందే అరిచి అవతలిదాన్ని తరిమేస్తుంది. అది వెళ్లిపోతుంది కదా, అరుపు పనిచేసిందని దీనికి రూఢి అయిపోతుంది.

అరుపు కంటే ముందు ఏం జరుగుతుందో ఓ వారం గమనించండి. మా కాలియాకైతే వేలాడే నోరు టక్కున మూసుకుంటుంది. తర్వాత ఓసారి ముక్కు నాక్కుంటుంది, నడక బిగుస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో. మీ పనంతా ఆ రెండు సెకన్లలోనే.

ఎంత దూరంలో ఆ నోరు మూసుకోకుండా ఉంటుందో, అక్కడే ఆగండి. మాకది మొదట్లో 40 అడుగులు. అవతలి కుక్క కనబడ్డాక ఉడికించిన కోడి కార్జం, గోరంత ముక్క. కనుమరుగు కాగానే ముక్కలు బంద్. ఈ వరస తిరగబడితే లాభం లేదు: ముందు ముక్క, తర్వాత కుక్క వస్తే, కొన్నాళ్లకి ముక్క చూసే బెదురుతుంది. తినకపోతే మీరు మరీ దగ్గరికొచ్చేశారని అర్థం, వెనక్కి నడవండి. మాకు 40 నుంచి 15 అడుగులు కావడానికి ఏడాది పట్టింది.

మన సందుల్లో 40 అడుగులు ఎక్కడ దొరుకుతాయి అంటారా? నిజమే. నేను ఆగి ఉన్న ఆటోల చాటున నిలబడతాను. వేళ కూడా మార్చాను. తెల్లారుజామున వీధి కుక్కలు మంచి హుషారు మీదుంటాయి, చలికాలం పదిన్నరకి ఎండలో పడి నిద్రపోతాయి. ఎండాకాలమైతే రాత్రి భోజనాలయ్యాకే, తారురోడ్డు పాదాలు కాల్చేస్తుంది. మీదకొచ్చే వీధి కుక్క వైపు గుప్పెడు బిస్కెట్లు విసిరి వెనక్కి తిరగడమే.

ముళ్ల గొలుసు జోలికి పోకండి. ఓ ట్రైనరు వచ్చి గుర్రుమన్నప్పుడల్లా లాగమన్నాడు. నెల తిరక్కుండా గుర్రు పోయింది. ఆ పై వారం చప్పుడు లేకుండా మా బావ పిక్క పట్టుకుంది. హారన్ పీకేసిన లారీ అన్నమాట. ఇప్పుడు మెడకి బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడుతున్నాం.

సమస్య: పొద్దున్న బాగానే ఉంది, సాయంత్రం గిన్నె చప్పుడుకే ఎగిరిపడుతోంది

గిన్నె మీద కోపం కాదది. పొద్దున్న కోతి, మధ్యాహ్నం గ్యాస్ బండి, నాలుగింటికి పక్కింటి మనవలు, అన్నీ పోగుపడ్డాయి. బరాత్ డీజే వెళ్లిన మర్నాడూ ఆ మర్నాడూ మేం దాన్ని వీధిలోకే తియ్యం. గోనెసంచి మడతల్లో అన్నం ముద్దలు దాస్తే వాసన పట్టి వెతుక్కుంటుంది. నడకకి మించిన అలసట.

సమస్య: చెప్పిన మాట ఒక్కోసారి వింటుంది, ఒక్కోసారి వినదు

ఇది మన సరిహద్దు జబ్బు. నేను "కూర్చో" అంటాను, పనికొచ్చే మావుసి "బొసొ" అంటుంది. ఆవిడ "ఆ" అంటే రమ్మని, మేం రోజుకి వందసార్లు ఫోన్లో "ఆఁ, ఆఁ" అంటాం. పాపం, ప్రతిసారీ లేచొచ్చేది. పని మాటలన్నీ ఒక్క భాషలో పెట్టుకోండి. మావి ఒడియావే, రమ్మనడానికి మాత్రం ఈల.

సమస్య: టపాసులకి వణుకు

కాళీపూజ (దీపావళి రోజే) వచ్చాక మందు అడిగితే ఆలస్యమే, నెలన్నర ముందు అడగాలి. ఒట్టి మత్తు మందు కుక్కని కదలకుండా చేస్తుంది గానీ భయం పోగొట్టదు, అందుకని భయం తగ్గించే మందు కావాలని అడగండి. రోజూ ఇచ్చే ఫ్లుయాక్సెటిన్ లాంటివి పనిచెయ్యడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మోతాదు డాక్టరే చెప్పాలి. ఊళ్లో తేలకపోతే భువనేశ్వర్‌లో, గరివిడిలో పశువైద్య కళాశాలలున్నాయి.

సమస్య: చుట్టాలొస్తే

వెనక గది, తలుపు గడియ. "నాకు కుక్కలు అలవాటే" అనే మావయ్యలకి ముందు గడియ. జాలీ మూతికట్టు కూడా ముందునుంచే తిండితో అలవాటు చెయ్యండి, అందులో నోరు తెరిచి ఒగర్చగలగాలి.

కరిచేస్తే

పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం రాయొద్దు. అదే రోజు ఆసుపత్రికి. మీ కుక్కకి టీకా వేయించి ఉన్నా సరే.