పాత ట్రక్కు లాగడం లేదా? కార్బురేటర్ విప్పే ముందు ఇవి చూడండి

బండి స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో బాగానే ఆడుతుంది, లోడు పడితే మాత్రం నీరసపడిపోతుంది. పాత పెట్రోల్ ట్రక్కుల్లో ఈ మాట చెప్పగానే అందరి చెయ్యీ గాలి, పెట్రోల్ కలిపే కార్బురేటర్ మీదికే పోతుంది. పాపం, దానికంత పాపం ఉండదు. ముందు తేల్చుకోవాల్సింది పవర్ ఎప్పుడు తగ్గుతోందన్నది. కాలు వెయ్యగానేనా, ఎత్తు ఎక్కేటప్పుడా, వేడెక్కాకా, లేక పొద్దస్తమానమా? దీన్ని బట్టే వెతికే చోటు మారుతుంది.

అంతకంటే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, ఒకరిని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనండి. కార్బురేటర్ లోపలి థ్రాటిల్ ప్లేట్ (దారిని తెరిచి మూసే రేకు) నిట్టనిలువుగా నిలబడాలి. సగంలో ఆగితే కేబుల్ సాగిందో, పెడల్ కింద మ్యాట్ అడ్డుపడిందో అయి ఉంటుంది. ఇంజిన్ ఆర్‌పీఎం పెరుగుతూ బండి స్పీడు పెరగకపోతే తప్పు ఇంజిన్‌ది కాదు, క్లచ్ జారుతోంది. కాసేపు నడిపాక ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికంటే బాగా కాలిపోతుంటే బ్రేకు పట్టేస్తోంది.

కాలు వెయ్యగానే తడబడి, వెంటనే సర్దుకుంటే

యాక్సిలరేటర్ పంపును, అంటే కాలు వెయ్యగానే కార్బురేటర్‌లోకి అదనపు పెట్రోల్ చిమ్మే చిన్న పంపును అనుమానించండి. ఇంజిన్ ఆపి ఉంచే, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ లింకేజీని చేత్తో తిప్పండి. కదిలిన క్షణంలోనే పెట్రోల్ సన్నని ధారగా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా రాలినా డయాఫ్రమో, పంపు కప్పో గట్టిపడిందన్నమాట. కొత్తది వేస్తే సరి.

ధార బాగుంటే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్లండి. క్యాప్ తీసి, వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే భాగం) గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చండి. లోపలి ప్లేట్ కదలాలి. గొట్టం కొసను నాలుకతో మూసి ఉంచినంతసేపూ అది అక్కడే ఆగాలి. వెనక్కి జారితే డయాఫ్రం చిరిగింది.

కాసేపు బాగా లాగి, ఎత్తులో చచ్చిపోతే

ఇది పెట్రోల్ అందకపోవడం. కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలో ఉన్నంతసేపు ఇంజిన్ ఉత్సాహంగా ఉంటుంది, అది ఖాళీ కాగానే ముక్కుతుంది. ట్యాంక్ మూత వదులు చేసి నడిపి చూడండి. పవర్ తిరిగొస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. తర్వాత ఫిల్టర్ మార్చండి. మెకానికల్ పంపు ఒత్తిడి చాలా బండ్లలో 4 నుంచి 7 పీఎస్ఐ మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఖాయం. ఒత్తిడి ఒక్కటే చాలదు, పరిమాణం కూడా చూడాలి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వైరు తీసి ఎర్త్ చేసి, పంపు నుంచి వచ్చే పైపును డబ్బాలోకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 30 సెకన్లలో అర లీటరుకు అటూఇటూగా రావాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చెయ్యండి, దగ్గర్లో నిప్పు వద్దు.

ఇలాంటి బండికి నేను కార్బురేటర్ కిట్ రెండుసార్లు వేశాను. పంపు కూడా మార్చాను. ఆఖరికి దొరికిన దొంగ ట్యాంక్ దగ్గర జానెడు రబ్బరు గొట్టం. పైకి నున్నగా ఉంది. కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, పంపు గట్టిగా లాగినప్పుడల్లా దారి మూసేస్తోంది. అప్పటినుంచి గొట్టాలను చూసి వదిలెయ్యను, వేళ్లతో నొక్కి చూస్తాను. మెత్తబడినా, పగుళ్లున్నా మార్చెయ్యడమే.

బాగా వేడెక్కాకే ఇలా జరిగి, చల్లారగానే మామూలైతే పైపులో పెట్రోల్ ఆవిరవుతోంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఆనుకుని వెళ్తున్న పైపును దూరం జరపండి. కాయిల్ కూడా వేడికి ఇలాగే మొరాయిస్తుంది, కాబట్టి ఆగిన వెంటనే స్పార్క్ చూడటం మరవకండి.

అన్ని స్పీడుల్లోనూ మందకొడిగా ఉంటే

డిస్ట్రిబ్యూటర్ లోపల స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే ప్లాటినం పాయింట్లు చూడండి. వాటిని తెరిచే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి జరుగుతుంది. ఇది నెలల తరబడి కొద్దికొద్దిగా జరుగుతుంది గనుక నడిపేవాడికి తెలియదు. ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్. తలకిందులుగా చేస్తే రెండోసారి చెయ్యాల్సిందే. టైమింగ్ లైట్ పెట్టేటప్పుడు సాధారణంగా వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూతి మూయాలి. ఎంత సెట్ చేసినా టైమింగ్ గుర్తు నిలకడగా లేకపోతే క్రాంక్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్‌ను గమనించండి. క్రాంక్ చాలా దూరం తిరిగాక గానీ రోటర్ కదలకపోతే టైమింగ్ చైన్ సాగింది.

ఆర్‌పీఎం పెంచేకొద్దీ గొంతు నొక్కినట్టుంటే

ఇంజిన్ గాలి పీల్చే బలం చూపే వాక్యూమ్ గేజ్ తగిలించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) నిలకడగా చూపిస్తుంది, ఎత్తైన ప్రాంతాల్లో కాస్త తక్కువ. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. ముల్లు మెల్లమెల్లగా దిగజారుతూ పోతే సైలెన్సరో, పైపో మూసుకుపోయింది. మానిఫోల్డ్ కింద హీట్ రైజర్ వాల్వ్ (చల్లని ఇంజిన్‌ను వేడెక్కించడానికి ఎగ్జాస్ట్‌ను మళ్లించే మూత) ఉంటే అది తుప్పుతో బిగుసుకుందేమో కూడా చూడండి.

నల్లపొగ కూడా వస్తుంటే చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుందేమో చూడటం చాలు, చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇంకా తేలకపోతే కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడాలి. అతి తక్కువ సిలిండర్ అతి ఎక్కువ దానిలో కనీసం 75 శాతమైనా ఉండాలి. తగ్గిన దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే ఎక్కువగా వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్.

ఇవన్నీ బాగుంటే ఇక కార్బురేటర్ విప్పండి. జెట్లను, అంటే పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాల ఇత్తడి ముక్కలను, ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోల్ గలగలమంటే దానికి చిల్లు పడినట్టే.